బీమా ఒప్పందము: కోనసీమ రైతు తెలిసికొనదగిన న్యాయసూత్రములు

గ్రామసభలలో ఎరువుల మోతాదు గురించి, ఎర్రముక్కు పురుగు గురించి చెప్పి ముగించినప్పుడెల్ల వెనుక వరుసలోనుండి ఒకరు లేచి అడుగు ప్రశ్న ఒకటి కలదు. “బీమా కట్టినాము గదా, డబ్బు ఎందుకు రాలేదు?” ఈ వ్యాసకర్త సస్యశాస్త్రము బోధించువాడే గాని న్యాయవాది కాడు. అయినను ఆ ప్రశ్నకు ఎప్పటికప్పుడు “విచారించి చెప్పెదము” అని తప్పించుకొనుట మర్యాద కాదు. అందువలన బీమా పత్రములను, చట్టములను కొంత చదివి, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల రైతులకు ఉపయోగపడునంత మేరకు ఇక్కడ వ్రాయడమైనది.

మొదట గ్రహించవలసినది, బీమా ప్రభుత్వ సహాయము వంటిది కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుఫానులో వేయిమందికి పైగా చనిపోయినారు. కొబ్బరి తోటలు నేలమట్టమైనవి. అప్పుడు ప్రభుత్వము ఇచ్చినది సహాయము. దానికి ఒప్పందము లేదు. ఇంత ఇమ్మని కోరు హక్కును లేదు. బీమా అట్లు గాక ఇద్దరు కుదుర్చుకొన్న ఒప్పందము. ఒకరు ముందుగా ప్రీమియము చెల్లింతురు; రెండవవారు ఫలానా కారణముచేత ఫలానా నష్టము కలిగినచో ఇంత సొమ్ము చెల్లింతుమని మాట ఇత్తురు. పొలము అమ్మకపు దస్తావేజు ఎట్టిదో ఇదియు అట్టిదే. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము దీనికి పునాది. 1938 నాటి బీమా చట్టము దానిపై కట్టిన గోడ.

మన రాష్ట్రములో 2019 తరువాత కొన్ని సంవత్సరములు పంటల బీమాలో రైతు వాటాను ప్రభుత్వమే భరించినది. 2024-25 రబీనుండి రైతు తన వాటా తాను చెల్లించు పద్ధతి తిరిగి వచ్చినది. చేతినుండి రూపాయి పోనప్పుడు ఒప్పందమును చదువవలెనన్న తలంపు ఎవరికిని రాదు. ఇప్పుడు పోవుచున్నది గనుక చదువవలెను.

పందెమునకు, బీమాకు భేదము

సంక్రాంతికి బరిలో కోడిపై పందెము కాయువానికి ఆ కోడి తనది కానక్కరలేదు. అది చచ్చినను వానికి కోడి నష్టము లేదు, పందెపు సొమ్ము మాత్రమే పోవును. ఒప్పందముల చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు ఒప్పందము చెల్లదు. బీమా పందెము కాకుండ నిలుచుటకు ఒక్కటే ఆధారము: ఏ వస్తువుపై బీమా చేయించితిమో అది పాడైనచో మనకు నిజముగా నష్టము కలుగవలెను. ఈ సంబంధమునే బీమా హితము అందురు. పొరుగువాని తోటకు మనము బీమా చేయించలేము. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి చేలు బీడు పెట్టినారు. ఆ నిర్ణయమునకు బలమైన కారణములు ఉన్నవి, కాని కావాలని విత్తకుండ విడిచిన చేనిలో పంట లేదు గనుక దానిపై బీమా హితమును లేదు. వానలు లేకనో, ముంపు వలననో నాట్లు వేయ వీలు కానప్పుడు మాత్రము ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో బీమా మొత్తములో 25 శాతము వరకు ఇచ్చు ఏర్పాటు కలదు. అది వేరు సంగతి.

ఈ సూత్రము మన ప్రాంతమున ఎక్కువగా తగులునది కౌలు రైతుకు. భూమి ఒకరిది, పంట ఇంకొకరిది. భూమిపై హితము యజమానిది. పంటపై హితము, కౌలు బస్తాలు పోగా మిగులునది తినువానిది, అనగా పెట్టుబడి పెట్టి చెమటోడ్చినవానిది. న్యాయము ఈ విషయమున కౌలు రైతు పక్షముననే ఉన్నది. ఫసల్ బీమా నిబంధనలును కౌలుదారులకు, పాలికాపులకు బీమా చేయుటకు అంగీకరించుచున్నవి. చిక్కు న్యాయములో లేదు, కాగితములో ఉన్నది. కోనసీమలో కౌలు చాలవరకు నోటిమాట. యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండును. పాసుపుస్తకము ఆయనదే, బ్యాంకు అప్పు ఆయన పేరనే, అప్పుతోపాటు బీమాయు ఆయన పేరనే. చేలో పనలు నీట మునిగినప్పుడు బీమా సొమ్ము ఆయన ఖాతాలో పడును. నష్టపోయినవానికి పేరు లేదు, పేరున్నవానికి నష్టము లేదు.

2011లో రుణ అర్హత కార్డుల చట్టము, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము ఈ చిక్కు విడదీయుటకే వచ్చినవి. రెండవ చట్టము క్రింద పదునొకండు నెలలకు ఇచ్చు పత్రము వలన కౌలుదారునికి పంటపై హక్కే గాని భూమిపై హక్కు కలుగదు. ఈ సంగతి యజమానులకు నచ్చచెప్పుట కష్టముగా నున్నది. ‘సంతకము చేసినచో భూమి పోవును’ అను భయము తాతల నాటిది. యజమాని సంతకము దొరకనిచోట కనీసము ఈ-క్రాప్ నమోదులో సాగుదారుగా తన పేరే వ్రాయించుకొని, రసీదు దాచుకొనవలెను. నమోదు చేయువారు గట్టుమీదకు వచ్చిననాడు కౌలుదారు చేలో ఉండవలెను. ఎరువు ఒక రోజు ఆలస్యమైనను వేయవచ్చును. ఈ పని తప్పినచో ఆ సంవత్సరమునకు తిరిగి రాదు.

ఉన్నది ఉన్నట్లు చెప్పుట

సాధారణముగా అమ్మకములో కొనువాడే చూచుకొనవలెను. ఎద్దును కొనునప్పుడు పళ్ళు చూచుట, నడిపించి చూచుట కొనువాని పని. బీమాలో ఈ నియమము తలక్రిందులగును. తోట మీది, దాని లోపము మీకు తెలిసినట్లు బీమావారికి తెలియదు. అందువలన వారు నష్టభారమును ఒప్పుకొనుటకు, ప్రీమియము ఎంత అని నిర్ణయించుటకు ఏ సంగతి ముఖ్యమగునో దానిని మీరే చెప్పవలెను. దీనిని పరిపూర్ణ విశ్వాస సూత్రము అందురు.

1766లో ఇంగ్లండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అను న్యాయమూర్తి ఈ సూత్రమును స్పష్టపరచినాడు. సుమత్రా దీవిలోని ఒక కోటకు దాని గవర్నరు బీమా చేయించగా ఫ్రెంచివారు దానిని పట్టుకొన్నారు. కోట బలహీనతను దాచినాడని బీమాదారు సొమ్ము ఎగవేయజూచినాడు. తరచు మరచిపోవు సంగతి ఏమనగా, ఆ వ్యాజ్యములో గెలిచినది బీమా చేయించుకొన్న గవర్నరే. అందరికి తెలిసినదియు, బీమాదారు తానే తెలిసికొనదగినదియు చెప్పనక్కరలేదని న్యాయమూర్తి అన్నాడు. విశ్వాసము రెండు వైపులను కట్టివేయును. కోనసీమకు తుఫానులు వచ్చునని మీరు బీమావారికి చెప్పనక్కరలేదు. మీ తోటలో పది చెట్ల మొదళ్ళనుండి ఎర్రని జిగురు కారుచున్నదని, అనగా గానోడెర్మా తెగులు ప్రవేశించినదని, చెప్పవలెను.

కొబ్బరి అభివృద్ధి మండలి, వ్యవసాయ బీమా కంపెనీ కలిసి 2009-10లో కొబ్బరి చెట్ల బీమా ప్రవేశపెట్టినవి. దాని నిబంధనలు ఈ సూత్రమునకు మంచి ఉదాహరణ. నాలుగేండ్లనుండి అరువదేండ్ల వరకు వయసుగల, కాపు కాయుచున్న, ఆరోగ్యముగల చెట్లకే అర్హత. కనీసము ఐదు చెట్లు ఉండవలెను. సవరించిన రేట్ల ప్రకారము 15 ఏండ్లలోపు చెట్టుకు 9 రూపాయల ప్రీమియముపై 900 రూపాయలు, 16 ఏండ్లు దాటిన దానికి 14 రూపాయలపై 1,750 రూపాయలు నిర్ణయించినారు. ఆ ప్రీమియములో సగము మండలి, పావు రాష్ట్ర ప్రభుత్వము భరించగా రైతుపై పడునది పావువంతే. ఒకే తోటలో కొన్ని చెట్లకు మాత్రమే బీమా చేయుటకు ఒప్పుకొనలేదు. కారణము ఊహించుట కష్టము కాదు. గట్టుమీద వంగిన చెట్లకే బీమా చేయించి, నడిమి చెట్లను విడిచిపెట్టు తెలివి మనలో చాలమందికి కలదు.

ఇక వయసు. డెబ్బది యేండ్ల చెట్లను ఏబది అని వ్రాయించినచో ఏమగును? తుఫానుకు పడిన తరువాత తనిఖీకి వచ్చినవాడు మొద్దును చూచి వయసు అంచనా కట్టగలడు. అబద్ధము ఆ చెట్ల వరకే పరిమితము కాదు. ముఖ్యమైన విషయములో అసత్యమున్నచో బీమాదారు ఒప్పందమునే కాదనవచ్చును. నిజముగా అర్హత గల మిగిలిన చెట్లును దానితో మునుగును.

అబద్ధములాడు రైతులు తక్కువ; చదువకుండ సంతకము చేయు రైతులు ఎక్కువ. సొసైటీలోనో, బ్యాంకులోనో ఎవరో గుమాస్తా ఖాళీ ఫారముపై సంతకము తీసికొని, “మిగతా మేము నింపెదము లెండి” అనును. అతడు నింపినది మీ మాటయే అగును. సర్వే నంబరు ఒకటి తప్పు పడినను, వరి అనుటకు మారు మరొక పంట వ్రాసినను, జవాబు చెప్పుకొనవలసినది సంతకము చేసినవాడే. అక్షరము వచ్చిన రైతు ఖాళీ ఫారముపై సంతకము చేయుట, చేను చూడకుండ కోత కూలీ మాట్లాడుకొనుటవంటిది. నింపిన తరువాత ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచుకొనుటకు అర నిమిషము చాలును. ఫసల్ బీమాలో బ్యాంకు తప్పువలన రైతు నష్టపోయినచో ఆ సొమ్ము బ్యాంకే చెల్లించవలెనను నిబంధన కలదు. కాని తప్పు బ్యాంకుదని చూపుటకు కాగితము మీ దగ్గర ఉండవలెను గదా.

ప్రీమియము సంగతియు ఇక్కడనే చెప్పవలెను. బీమా చట్టము 64-వి.బి. సెక్షను ప్రకారము ప్రీమియము ముందుగా అందనిదే బీమాదారుపై భారము పడదు. రేడియోలో వాయుగుండము వార్త విన్న తరువాత పరుగెత్తిన లాభము లేదు.

నష్టమునకు కారణమేది

ఎక్కువ తగవులు ఇక్కడనే పుట్టుచున్నవి. బీమా అన్ని నష్టములకును కాదు. పత్రములో పేర్కొన్న ఆపదల వలన కలిగిన నష్టమునకే. కావున చెట్టు చచ్చినది అని చెప్పిన చాలదు. దేనివలన చచ్చినదో చూపవలెను. వరుసగా అనేక కారణములు ఉన్నప్పుడు కాలమునుబట్టి చివరిది గాక, బలమునుబట్టి ప్రధానమైనది చూతురు.

ఒక ఉదాహరణ ఊహింపుడు. నవంబరు గాలివానకు కొబ్బరి మొవ్వు మెలిపడి గాయమైనది. ఆ గాయములో ఎర్రముక్కు పురుగు చేరి గ్రుడ్లు పెట్టినది. వేసవి నాటికి మొవ్వు విరిగి చెట్టు చచ్చినది. చంపినది పురుగా, తుఫానా? పురుగుకు దారి తీసినది గాయము, గాయమునకు కారణము గాలి; మధ్య గొలుసు తెగలేదని రైతు వాదించును. ఆరు నెలలు గాయమును మందు పెట్టక విడిచితివి గనుక గొలుసు తెగినదని బీమాదారు అనును. నా అభిప్రాయములో, తుఫాను వెళ్ళిన వారములోనే నష్టమును తెలియజేసి, గాయములు శుభ్రపరచి మందు పెట్టి, ఫోటోలు తీసియుంచిన రైతు వాదము నిలుచును. ఏమియు చేయనివాని వాదము నిలుచుట కష్టము. బీమా ఉన్నదని పంటను గాలికి వదలరాదు. బీమా లేనివాడు ఎంత శ్రద్ధ వహించునో అంత శ్రద్ధ వహించుట ఒప్పందములో భాగమే.

రాజోలు ప్రాంతములో శంకరగుప్తము డ్రెయిను వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి తోటలు క్రమముగా ఎండిపోవుట అందరు ఎరిగినదే. మొదట ఆకు పసుపుబారును, పిందె రాలును, ఏడాది రెండేండ్లకు మొవ్వు వాలి మొండెము మిగులును. కొబ్బరి బీమా పత్రములో తుఫాను, వరద, ముంపు, పిడుగు, అగ్నిప్రమాదము, భూకంపము, సునామీ, పెద్దయెత్తున వ్యాపించు పురుగులు తెగుళ్ళు, తీవ్రమైన అనావృష్టి పేర్కొనబడినవి. మెల్లమెల్లగా భూమి చవుడుబారుట ఆ జాబితాలో లేదు. న్యాయదృష్టిలో బీమా అనుకోని ఆపదకే గాని, తప్పక జరుగునని తెలిసినదానికి కాదు. ఆ రైతుల నష్టము చిన్నది కాదు. కాని దాని పరిష్కారము డ్రెయిను పూడిక తీయుటలో, ఉప్పునీటిని ఆపు తలుపులలో ఉన్నది, బీమా కార్యాలయములో లేదు. ఈ మాట వినుటకు చేదుగానున్నను ముందే చెప్పుట మేలు.

వరి ముంపు కథ వేరు. నిబంధన ఒక్కటి మారిన రైతు గతి ఎట్లు మారునో ఇది చూపును. ఫసల్ బీమాలో ఒక్కొక్క చేనుకు విడిగా లెక్కకట్టు స్థానిక ఆపదల జాబితాలోనుండి వరి ముంపును 2018లో తొలగించినారు. వరి నీటి పంట గదా అని వాదన. కోనసీమలో డ్రెయిన్లు పొంగి పొట్టదశలో వారము దినములు నీట నిలిచిన చేను చూచినవాడు అట్లనడు. 2026 ఖరీఫ్‌నుండి వరి ముంపును తిరిగి చేర్చునట్లు కేంద్ర వ్యవసాయశాఖ 2025 నవంబరులో ప్రకటించినది. నష్టము జరిగిన 72 గంటలలో ఫోటోలతో తెలియజేయవలెనని షరతు. కోసి పనలమీద ఉన్న వరికి 14 దినముల వరకు తుఫాను, అకాలవర్షముల నుండి రక్షణ కలదు. 2013 నవంబరులో హెలెన్ తుఫాను వచ్చునప్పటికి సార్వా వరి కోతలలో నున్నది. ఈ పదునాలుగు దినముల విలువ అప్పటి పనలు ఎత్తినవారికి చెప్పనక్కరలేదు.

పోయినంతవరకే

బీమా వలన లాభము పొందరాదు. పోయినది పూడవలెను, అంతే. అంబాజీపేటలో ఒక వర్తకుని కొట్టులో పది లక్షల విలువగల కురిడీ కొబ్బరి ఉండగా ప్రీమియము ఆదా చేయుటకు ఐదు లక్షలకే అగ్నిబీమా చేయించినాడనుకొనుడు. నాలుగు లక్షల సరకు కాలినచో అతనికి వచ్చునది సాధారణముగా రెండు లక్షలే. మిగిలిన సగమునకు అతడే తనకు బీమాదారు అయినాడని చట్టము భావించును. ఒకే సరకుకు రెండు కంపెనీలలో బీమా చేయించినచో ఇద్దరును కలిసి ఆ నష్టమునే పంచుకొందురు గాని రెట్టింపు ఇయ్యరు.

మరియొకరి వలన నష్టము కలిగినప్పుడు సొమ్ము చెల్లించిన బీమాదారు రైతు స్థానములో నిలిచి, ఆ బాధ్యునినుండి రాబట్టుకొనవచ్చును. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినది. 2014 జూన్ 27న నగరములో గ్యాసు పైపులైను పేలి మనుషులతో పాటు కొబ్బరి చెట్లును మాడినవి. చమురు, గ్యాసు గొట్టములు తోటల క్రిందుగా పోవు మన సీమలో ఈ సూత్రము పుస్తకములకే పరిమితము కాదు. పరిహారము ఇచ్చువారితో ‘ఇక నాకు ఏ హక్కును లేదు’ అని రాజీపత్రము వ్రాసి ఇచ్చుటకు ముందు బీమాదారునకు తెలుపవలెను. లేనిచో ఆయన హక్కును మీరు వదలినట్లగును, దానివలన మీ సొమ్మునకు చిక్కు వచ్చును.

పంటల బీమా మాత్రము ఈ నియమమునకు కొంత భిన్నము. ప్రతి రైతు నష్టమును వేరువేరుగా కొలుచుట అసాధ్యమని, ఒక ప్రాంతమును యూనిట్టుగా తీసికొను పద్ధతిని ఆచార్య దండేకర్ సూచించినారు. ఒక గ్రామపు ప్రారంభ దిగుబడి ఎకరమునకు 24 క్వింటాళ్ళు అనుకొందము. కోత ప్రయోగములలో ఆ గ్రామమునకు 18 వచ్చినచో లోటు ఆరు, అనగా నాలుగవవంతు. బీమా మొత్తము 40 వేలైనచో పదివేలు అందరికి సమానముగా వచ్చును. మీ చేను పూర్తిగా పోయినను అంతే. ఎదురింటివాని చేను పండినను అంతే. దీనిని అన్యాయమని రైతులు అనుట సహజము. అయితే ఇందులో మోసము లేదు. ఒప్పందమే గ్రామపు సగటుపై జరిగినది. కోత ప్రయోగము ఎవరి చేలో, ఏ రోజున జరుగునో గ్రామస్థులు కనిపెట్టియుండి, తూకము వేయునప్పుడు దగ్గర నిలుచుట అందుకే అవసరము.

మా ఇంటి గేదె

షరతుల మాట వచ్చినది గనుక ఒక సొంత అనుభవము. నా చదువు రోజులలో మా నాన్నగారు పాడిగేదెకు బీమా చేయించినారు. చెవికి బిళ్ళ వేసినారు. కంచెకు తగిలి బిళ్ళ ఊడినది. మరల వేయించవలెనని ఎవరికిని తోచలేదు. ఆరు నెలలకు గేదె చనిపోగా, పశువైద్యుని ధ్రువపత్రముతో వెళ్ళిన నాన్నగారిని బీమా కార్యాలయములో “బిళ్ళ ఏది?” అని అడిగినారు. గేదె అదేనని ఊరంతయు చెప్పినను వినలేదు. నాన్నగారు తరువాత ఏ బీమాయు చేయించలేదు. బిళ్ళ లేనిది చచ్చిన గేదె బీమా చేసిన గేదెయేనని వారికి తెలియు దారి లేదని ఇప్పుడు నాకు అర్థమగుచున్నది. అయితే ఊడినచో వెంటనే తెలుపుమని ప్రీమియము తీసికొన్ననాడు ఒక్కమాట చెప్పియుండిన వారి సొమ్మేమి పోయెడిది?

షరతులన్నిటికి ఒకే బలము లేదు. 2017లో ఒక లారీ దొంగతనపు వ్యాజ్యములో, నిజమైన క్లెయిమును కేవలము ఆలస్యముగా తెలిపినారన్న కారణముతో త్రోసివేయరాదని, ఆలస్యమునకు సరియైన కారణమున్నచో వినవలెనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పత్రములోని మాటకు రెండు అర్థములు వచ్చునప్పుడు, దానిని వ్రాసినవారికి వ్యతిరేకముగా అర్థము చేయవలెనన్న సూత్రమును మన న్యాయస్థానములు అంగీకరించినవి. పత్రము వ్రాసినది రైతు కాదు గదా.

నష్టము కలిగిన వెంటనే 14447 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనవలెను. దానితోపాటు రైతు సేవా కేంద్రములోనో, బ్యాంకులోనో వ్రాతమూలముగా ఇచ్చి నకలుపై ముద్ర వేయించుకొనవలెను. పడిన చెట్లను తనిఖీకి ముందు నరికి అమ్మరాదు. క్లెయిము త్రోసివేసినచో కారణము వ్రాసి ఇమ్మని అడుగవలెను. పంటల బీమాకు జిల్లా స్థాయిలో ఫిర్యాదుల సంఘము కలదు. అక్కడ తేలనిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనుకు వెళ్ళవచ్చును. న్యాయవాది లేకుండ రైతు తానే వాదించుకొనవచ్చును. అందుకు రెండు సంవత్సరముల గడువు. తిరస్కరణ లేఖ చేతికి అందిన తేదీని ఆ లేఖపైననే వ్రాసి, కవరుతో సహా దాచియుంచుకొనుడు.